ఎడమవి నీవి, కుడివి నావి

నోట్లో నాలుక లేని మా బాబాయికి,

ఎలా ఉన్నావని అడగను. బాగానే ఉన్నానని రాస్తావు, అది అబద్ధమని నాకు తెలుసు. అక్క ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, గుమ్మం దాటకుండా, రోడ్డు మీద పోయేవాళ్ళ కాళ్ళకేసి చూస్తూ కూర్చుంటున్నావట. అక్కే చెప్పింది. "నాన్న బయటికి రావడం లేదే. నువ్వైనా రెండు ముక్కలు రాయి, నీ మాటైతే చెవిన పెడతాడు" అంది. ఫోన్ చేస్తే "ఊఁ" అని అక్క చేతికిచ్చేస్తావు. ఉత్తరాన్నయితే మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వలేవు కదా, అందుకే ఇది. రెండు ముక్కల్లో ఆపడం మాత్రం నాకు చేతకాదు.

నువ్వు వెళ్ళి ఐదు నెలలైంది. నోటీసు బోర్డు మీద నీ కాయితం మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. "దుకాణాల నుంచి వెనక్కి వచ్చిన సరుకుకు గమ్ము సెక్షన్ మేస్త్రీ అశ్రద్ధే కారణం. అతన్ని పనిలోంచి తొలగించడమైనది." కింద "ఒప్పుకుంటున్నాను" అని నీ చేతిరాత, నీ సంతకం. ఒక మూల పిన్ను ఊడిపోయి, ఫ్యాను తిరిగినప్పుడల్లా ఆ కాయితం నాకేసి చెయ్యి ఊపుతూ ఉంటుంది. టీకి వెళ్ళాలంటే దాని ముందు నుంచే పోవాలి. పోయిన ప్రతిసారీ నా ఒళ్ళు మండిపోతుంది.

ఎందుకు సంతకం పెట్టావు బాబాయ్? ముప్పై ఏళ్ళు బూట్లకు సోలు అతికించినవాడివి. గమ్ము వాసన చూసి పాతదో కొత్తదో చెప్పేవాడివి. నాన్న పోయాక నన్ను సోలు వేడిగా నొక్కే ఆ ప్రెస్సు దగ్గర నిలబెట్టి, "ఎడమ కాలివి నావి, కుడి కాలివి నీవి. జత కలిస్తే ఎవరిదేదో తెలియకూడదు" అన్నావు. గమ్ము రాశాక సోలు ముక్కు దగ్గర బొటనవేలితో తాకి చూడమన్నావు. వేలికి అంటుకోవాలి గానీ తీగ సాగకూడదు, అప్పుడే ప్రెస్సులో పెట్టాలి అన్నావు. నీ పక్కన నాలుగేళ్ళు చేశాను. నువ్వు అశ్రద్ధ చెయ్యడం ఒక్కసారి కూడా చూడలేదు. అలాంటివాడివి, మేనేజరు కాయితం తోస్తే నోరెత్తకుండా గీకి పారేశావు. నాతో ఒక్క మాట చెప్పలేదు. సంచీ సర్దుకుని పోయావు. సిగ్గు లేకపోతే సరి!

సరే, అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం మేనేజరు క్యాంటీనులోకి వచ్చాడు. పెద్దాసుపత్రిలో కాలిన గాయాల వార్డు కడుతున్నారట. దానికి విరాళాల కోసం హాఫ్ మారథాన్ పెట్టారట. పరిగెత్తేవాళ్ళు పరిగెత్తొచ్చు, నడిచేవాళ్ళు నడవొచ్చు. మన కంపెనీ తరఫున పద్నాలుగు మంది నడవాలట, మన బూట్లే వేసుకుని. ఉచితం అన్నాడు. అంటూ అట్టపెట్టె మూత తీశాడు. చూస్తే ఏముంది బాబాయ్, పక్కన నీలం గీత! అదే సరుకు. పనికిరావని దుకాణాలు తిప్పి కొట్టినవి, నీ ఉద్యోగం ఊడగొట్టినవి.

నేను లేచి నిలబడ్డాను. "ఆ సరుకు పనికిరాదనే కదా మా బాబాయిని పంపించారు. పనికిరానిది మా కాళ్ళకెలా పనికొచ్చింది సార్?"

"ఒక్కపూట నడకమ్మా. దానికేం కాదు" అన్నాడు.

"ఏం కానిదానికి మనిషినెందుకు తీసేశారు?"

మేనేజరు నవ్వాడు. "మాటలకేం, ఎన్నైనా చెబుతావు. షిఫ్టంతా నిలబడితేనే కాళ్ళు పీకుతున్నాయని గోల పెట్టేదానివి, ఇరవై ఒక్క కిలోమీటర్లు నడుస్తావా?"

"నడుస్తాను. ఈ బూట్లతోనే నడుస్తాను. సోలు ఊడకుండా వస్తే ఆ నోటీసు మీ చేత్తో మీరే చింపాలి."

"ఊడితే?"

"దాని కింద నేనూ సంతకం పెడతాను."

అందరూ బల్లలు చరిచారు. ఇక వెనక్కి పోయేది లేదు. కాలిన గాయాల వార్డు కోసం నడకట! మూడు వారాలు చేతి తొడుగులు ఇవ్వకుండా నన్ను ప్రెస్సు మీద పెట్టినవాడు చెబుతున్నాడు. నా బొటనవేలి మచ్చ ఇంకా పోలేదు. నువ్విచ్చిన మందు డబ్బీ అడుగు కూడా గీరేశాను.

పన్నెండు వారాలుంది. నేను నడుస్తాను, నీ పని నిలబడుతుంది. నువ్వు ఈలోగా ఆ కుర్చీలోంచి లేచి వీధి చివరిదాకా వెళ్ళు, చాలు.

నీ కందిరీగ


మొండి బాబాయికి,

ఐదు నెలల మౌనం తర్వాత నువ్వు రాసింది ఒక పోస్టుకార్డు. అందులో మూడు వాక్యాలు. "నడవకు. నడిస్తే ఆ బూట్లు వేసుకోకు. వేరేవి కొనుక్కో." ఇంతే! కార్డు మీద ఇంకా అంత ఖాళీ ఉందే, అక్కడ "తిన్నావా" అని ఒక్క మాట రాస్తే చెయ్యి నొప్పి పుట్టేదా?

నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా? అక్కడ కూర్చుని కూర్చుని మేనేజరు చెప్పిందే నిజమనుకుంటున్నట్టున్నావు. నేను అనుకోను. వేసుకునే నడుస్తున్నాను. ఐదు వారాలైంది, బూట్లు రాయిలా ఉన్నాయి. విను.

ఎలా నడవాలో నాకెవరూ నేర్పలేదు. బూటు ముక్కులో కుక్కే పాత పేపర్లు చదువుతానని నన్ను ఎగతాళి చేసేవాడివి గుర్తుందా? నాకు చదువొచ్చిందే వాటితో. ఆ కుప్పలోనే దొరికింది, "నడకకు పన్నెండు వారాలు" అని సగం పేజీ. మిగతా సగం ఏ బూటులో కూరుకుపోయి ఏ దేశం పోయిందో. ఏడో వారం దాకా నా దగ్గరుంది, ఆ తర్వాతది నా బుర్రతో కల్పించుకోవాలి. మామూలు రోజుల్లో షిఫ్టు దిగాక ముప్పావు గంట. ఆదివారం పొద్దున్నే దూరం నడక, వారానికి కాస్త పెంచుకుంటూ. మొదటి ఆదివారం ఐదు కిలోమీటర్లు నడిచి, ఇంటి మెట్లు ఎక్కలేక కింద వాళ్ళ గుమ్మం ముందు కూర్చుండిపోయాను. కింద ఇంటావిడ నన్ను చూసి ఏదో పార్సిల్ తెచ్చినదాన్ననుకుంది.

నిలబడడం వేరు, నడవడం వేరు బాబాయ్. నాలుగేళ్ళు ఒకే చోట నిలబడిన కాళ్ళివి. పిక్కలు రాళ్ళు కట్టేస్తాయి. కుడి కాలి బొటనవేలి గోరు నల్లబడింది. మడమ మీద బొబ్బ లేచి, చితికి, మళ్ళీ లేచింది. మేజోళ్ళు తిరగేసి తొడుక్కుంటే కుట్టు గుచ్చుకోదని తెలుసుకున్నాను. వేళ్ళ మధ్య వాజలిన్ రాసుకోవాలని కూడా. ఏ పేపర్లోనూ లేదిది, నా కాళ్ళే చెప్పాయి.

నాకు తోడు ఎవరో తెలుసా? క్యాంటీన్ అక్క! పద్నాలుగు మందిలో తనూ పేరిచ్చింది. "నా మోకాళ్ళు పాత తలుపు బందుల్లా కిర్రుమంటాయే. ఆ చప్పుడుకి దారిలో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి, నీకు మంచిదే" అంది. మొదటి వారం ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా కూర్చునేది. ఇప్పుడు ఒక రాయి వదిలి ఒక రాయి దగ్గర కూర్చుంటోంది. గోదాముల వెనక రైలు పట్టాల పక్కన పోయి, రింగు రోడ్డెక్కి, నీళ్ళ ట్యాంకు చుట్టి వస్తాం. పోయిన ఆదివారం పదకొండు నడిచాం. లారీవాడొకడు ఆపి, "ఎక్కడికమ్మా, దింపనా?" అన్నాడు. అక్క రొప్పుతూనే, "మేం బయల్దేరిన చోటికే పోతున్నాం నాయనా, దింపితే మళ్ళీ మొదట్నించీ నడవాలి" అంది. వాడు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి పోయాడు.

నాకొక్కటే అర్థం కాదు. మొత్తం దూరం ఇరవై ఒక్క కిలోమీటర్ల తొంభై ఏడు మీటర్లట. ఆ తొంభై ఏడు మీటర్లు ఎవడు కలిపాడు, ఎందుకు కలిపాడు? ఇరవై ఒకటి చాలదా? అక్క అంటుంది, "కొసరే పిచ్చిదానా. కూరగాయలవాడు వెయ్యడూ?" అని. నాలుగున్నర గంటల్లో గీత దాటాలి, లేకపోతే లెక్కలోకి రాదు. ఇప్పటి నా నడకకైతే ఐదు గంటలు పడుతుంది. తగ్గిస్తాను.

ప్రతి నడక అయ్యాకా బూట్లు తిరగేసి చూస్తాను. నా పందెం గెలుపు అందులో ఉందిగా. ముక్కు, మడమ, పక్కలు అన్నీ వేలితో నొక్కుతాను. ఎక్కడా సందు లేదు. రోజూ మేనేజరు నా ప్రెస్సు పక్కనుంచి పోతూ, "ఊడిందా?" అంటాడు. "నోటీసు ఊడే రోజు దగ్గర పడింది సార్" అంటాను. పోయిన వారం చేతి తొడుగులు మళ్ళీ అయిపోయాయి. చీటీ రాసి ఇస్తే ఎప్పటిలాగే సొరుగులో వేశాడు.

ఇంకొక పోస్టుకార్డులో ఇంకో మూడు వాక్యాలు రాయి. ఈసారైనా కాస్త పనికొచ్చేవి.

ఒళ్ళంతా నొప్పులతో,
నీ కందిరీగ


బాబాయ్,

నాలుగు వారాలు నీకు రాయలేదు. తీరిక లేక కాదు. రాయడానికి కూర్చుని మూడుసార్లు చింపేశాను. ఇది కూడా చింపుతానేమో. చింపకముందే పోస్టులో వేస్తాను.

తొమ్మిదో వారం ఆదివారం పదహారు కిలోమీటర్లు. క్యాంటీన్ అక్క ఇంట్లో పనుండి రాలేదు, ఒక్కదాన్నే నడిచాను. గాలి చల్లగా ఉంది, కాళ్ళు తేలిగ్గా పడుతున్నాయి, మొదటిసారి నా నడక చూసి నాకే ముచ్చటేసింది. పద్నాలుగో రాయి దాటాక చప్పుడు మొదలైంది. టప్. టప్. ఎవరో వెనకాల వస్తున్నారనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. బస్సు ఆగే చోట బల్ల మీద కూర్చుని కాలెత్తి చూస్తే, కుడి బూటు ముక్కు దగ్గర సోలు నోరు తెరిచి ఉంది.

మొదట మేనేజర్ని తిట్టాను. గమ్ము చవకది కొన్నాడని, ప్రెస్సు వేడి తగ్గించాడని, నోటికొచ్చినవన్నీ తిట్టాను. తర్వాత ఆ సందులో వేలు పెట్టి ఇంకాస్త విప్పి చూశాను. గమ్ము అంతా గరుకుగా, లాగితే పీచులు లేచి, ఎలా ఉండాలో అలాగే ఉంది. ముక్కు లోపలి పక్కన ఒక్క చోట మాత్రం నున్నగా, అద్దంలా మెరుస్తోంది. కోడిగుడ్డు ఆకారం. దగ్గర పెట్టుకుని చూశాను. గీతలున్నాయి బాబాయ్. వేలిముద్ర. మధ్యలో అడ్డంగా గీతలు తెగిపోయిన చార.

నా బొటనవేలు దాని మీద పెట్టాను. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఆ చార, ప్రెస్సు కాల్చిన నా మచ్చ.

రెండు బస్సులు ఆగి, నేను ఎక్కుతానేమోనని చూసి వెళ్ళిపోయాయి. తొడుగులు లేని ఆ మూడు వారాలు, కాలిన వేలికి నువ్విచ్చిన మందు రాసుకుని పనికొచ్చేదాన్ని. జిడ్డు మందు, అది తగిలిన చోట గమ్ము పట్టదు. ఆ వేలితోనే ప్రతి కుడి సోలు ముక్కునీ తాకాను, ఆరిందా లేదా అని. నువ్వు నేర్పినట్టే, ఒక్కటి కూడా వదలకుండా. నేను అశ్రద్ధ చేసి ఉంటే, తాకకుండా ప్రెస్సులో పడేసి ఉంటే, ఒక్క బూటూ ఊడేది కాదు. అంత శ్రద్ధగా చెడగొట్టాను.

ఎడమ బూటు విప్పి రెండు చేతులతో లాగాను. ఇంటికొచ్చి పట్టకారుతో లాగాను. తోలు చిరిగింది గానీ సోలు కదల్లేదు. అది నీది.

సరుకు వెనక్కి వచ్చినప్పుడు ఊడింది ఎడమదా కుడిదా అని ఎవడూ చూడలేదు. మేనేజరు కాయితాలు చూశాడు, బూట్లు చూడలేదు. నేనూ చూడలేదు, నాకు కోపం తెచ్చుకోవడానికే తీరికైంది. నువ్వు మాత్రం చూసే ఉంటావు. చూడకుండా ఉండవు. నాకు తెలుసు, ఆ రోజు గోదాములో ఒక్కడివే పెట్టెల మధ్య కూర్చుని ఉన్నావు. నేను టీ తెస్తే, "అక్కడ పెట్టి పో" అన్నావు, తలెత్తలేదు. ఆ సాయంత్రమే సంతకం పెట్టావు. ఆ బూట్లు వేసుకోకు అని ఎందుకు రాశావో ఇప్పుడు తెలిసింది.

అయితే విను. నన్ను కాపాడావని నీ కాళ్ళు పట్టుకుంటాననుకోకు. పట్టుకోను. నాకు కోపంగా ఉంది. మేనేజరు మీద ఉన్నదానికంటే ఎక్కువ ఉంది. నా తప్పు నాది. దాన్ని నీ సంచీలో వేసుకుని పోవడానికి నువ్వెవరు? ఏడు నెలలు నీ తరఫున అందరితో పోట్లాడాను, అందరి ముందూ ఎగిరాను. నువ్వక్కడ కిటికీలోంచి చూస్తూ నన్ను ఎగరనిచ్చావు!

ఇంకోటి కూడా చెప్పాలి. సోమవారం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఆ కుడి బూటు మళ్ళీ అతికించాను. గీరి, తుడిచి, రెండు పూతలు గమ్ము రాసి, కడిగిన వేలితో చూసి, ప్రెస్సులో పెట్టాను. నా జీవితంలో అంత బాగా ఏ సోలూ అతికించలేదు. దానితో నడిస్తే ఊడదు. పందెం గెలుస్తాను, మేనేజరు నోటీసు చింపుతాడు, నీ పేరు శుభ్రమైపోతుంది, నాదీ శుభ్రంగానే ఉంటుంది. ఎవరికీ తెలియదు. ఇంకా రెండు వారాలుంది. రోజూ ఆ బూటును బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. అది నాకేసి చూస్తోంది.

నీకు తెలుసా తెలియదా, ఒక్క మాట రాయి. ఈసారి పోస్టుకార్డు వద్దు.

నీ అన్న కూతురు


మా ఎడమకాలి మేస్త్రీకి,

నీ ఉత్తరం నడకకు మూడు రోజుల ముందు వచ్చింది. నాలుగు పేజీలు! నీకు ఇంత రాయడం వచ్చని ఇన్నేళ్ళు దాచిపెట్టావన్నమాట. అందులో ఒక పేజీ ఇరవైసార్లు చదివాను. "నిన్ను కాపాడాలని సంతకం పెట్టలేదు కందిరీగా. ఆ మందు నేనిచ్చాను. జిడ్డు చెయ్యి గమ్ముకు తగలకూడదని వచ్చిన ప్రతి కొత్తవాడికీ చెప్పినవాణ్ణి, నీ వేలు చూసేసరికి అంతా మరిచిపోయాను. నీకు ఏడుపొస్తోంది, ఆపుకుంటున్నావు, నేను డబ్బీ తీసి ఇచ్చాను. మేస్త్రీ అశ్రద్ధ అని రాశారు, నిజమే రాశారు. ఒప్పుకున్నాను."

అంటే నువ్వు నా తప్పు మోయడం లేదు. నీ తప్పే మోస్తున్నాననుకుంటున్నావు. ఓరి దేవుడా, మనింట్లో తప్పుకి కూడా ఇంత గిరాకీ ఏమిటి బాబాయ్?

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని మరునాడు క్యాంటీనులో లేచాను. ఈసారి మేనేజరు లేడు, నడిచే పద్నాలుగు మందీ ఉన్నారు. బూటు చూపించి మొత్తం చెప్పాను. వేలు, మందు, ముద్ర, మళ్ళీ అతికించడం, అన్నీ. "కుడివి ఊడొచ్చు. వేరే బూట్లు ఉన్నవాళ్ళు అవి వేసుకోండి. తిట్టాలనుకున్నవాళ్ళు తిట్టండి" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. కటింగు సెక్షన్ పొడుగాయన గడ్డం గోక్కుంటూ, "మరి ఎడమవి?" అన్నాడు.

"ఎడమవి బాబాయివి. ఊడవు."

"అది మేనేజరుకి తెలుసా?"

"చెప్తే నమ్ముతాడా?"

క్యాంటీన్ అక్క గరిటె బల్ల మీద పెట్టింది. "చెప్పడం ఎందుకే, చూపిద్దాం. పద్నాలుగు మంది నడిస్తే పద్నాలుగు ఎడమలు, పద్నాలుగు కుడులు. లెక్క ఆయనే చూసుకుంటాడు. నేనైతే ఇవే వేసుకుంటా. ఏయ్ ప్యాకింగూ, నువ్వు ఆ టేపు చుట్టలు పట్టుకురా, దారిలో నోరు తెరిచినదానికల్లా కట్టు కడదాం." ప్యాకింగ్ అమ్మాయి, "మేనేజరు నోటికి కూడా కడదామా అక్కా?" అంది. అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే ఏడ్చాను. ఎవరికీ చెప్పకు.

నేను అతికించిన బూటు వేసుకోలేదు. అదే సరుకులోంచి కొత్త జత తీసుకున్నాను. కొత్త బూట్లతో అంత దూరం నడవకూడదని పేపర్లో సగం పేజీలోనే రాసుంది, నాకు తెలుసు. తెలిసే వేసుకున్నాను. ఐదో కిలోమీటరుకే మడమలు రెండూ మండిపోయాయి.

ఏం చెప్పమంటావు నడక గురించి! వెయ్యి మంది ఉంటారు. మొదట మూడు కిలోమీటర్లు చప్పట్లు, నీళ్ళ సీసాలు. ఆ తర్వాత పరిగెత్తేవాళ్ళు కనపడకుండా పోయారు, మేం మిగిలాం. ఎండకి తారు పెనంలా కాలుతోంది, ఎనిమిదో కిలోమీటరు దగ్గరే పొడుగాయన బూటు నోరు తెరిచింది. కుడిది. ప్యాకింగ్ అమ్మాయి టేపు చుట్టింది. పదకొండులో ఇద్దరివి. కుడివే. పద్నాలుగులో అక్కది. "నాదీ తెరిచిందే!" అని ఏదో బహుమానం తగిలినట్టు అరిచింది. అక్కడి నుంచి కిలోమీటరుకి ఇద్దరి చొప్పున తెరుచుకున్నాయి. దారి పక్కన నిలబడ్డవాళ్ళు మాకేసి వింతగా చూశారు. కుడి కాళ్ళకు గోధుమరంగు టేపు చుట్టుకుని, ఎడమ కాళ్ళు మాత్రం కొత్త పెళ్ళికొడుకుల్లా మెరుస్తూ, పద్నాలుగు మంది కుంటుతూ పోతుంటే చూడరా మరి! నాది పదిహేడో కిలోమీటరు దగ్గర తెరుచుకుంది. టేపు అప్పటికే అయిపోయింది. లేసు విప్పి సోలు చుట్టూ కట్టాను. లేసు లేని బూటు, సోలు నిలవని బూటు, రెండూ ఒకే కాలికి.

పంతొమ్మిదిలో ఆగిపోదామనిపించింది. నిజం చెప్తున్నాను. కాలు కింద పెడితే కత్తి మీద పెట్టినట్టుంది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ప్రేమగా కాదులే, కోపంగానే. ఆ కుర్చీలో కూర్చుని ఉంటాడు, నేనాగిపోతే ఇక లేవడు అనుకున్నాను. నిన్ను తిట్టుకుంటూ రెండు కిలోమీటర్లు నడిచాను. తిట్లు అయిపోతే మొదట్నించీ మళ్ళీ తిట్టాను.

ఇరవై ఒకటి అని రాసిన బోర్డు దగ్గర లేసు తెగింది. సోలు మొత్తం ఊడి చేతికొచ్చింది. దాన్ని చంకలో పెట్టుకుని, కుడి కాలికి మేజోడుతో మిగతా దూరం నడిచాను. ఆ తొంభై ఏడు మీటర్లు ఎవడు ఎందుకు కలిపాడో నాకు తెలియదు గానీ, నేనైతే అవి నాకోసమే కలిపారనుకున్నాను. అంతవరకూ పందెం కోసం నడిచాను, అవి మాత్రం ఊరికే, తల ఎత్తుకుని నడిచాను. నాలుగు గంటల ఇరవై ఒక్క నిమిషాలు.

మేనేజరు ఫొటోగ్రాఫరుతో గీత అవతల నిలబడి ఉన్నాడు. నా చంకలో సోలు చూసి ముఖం వెలిగింది. "ఊడిందిగా!"

"ఊడింది. కాస్త ఆగండి, మిగతావాళ్ళు కూడా రానీయండి."

అక్క అందరికంటే చివర, ఐదు నిమిషాల వ్యవధి ఉందనగా, రెండు మోకాళ్ళూ చేతులతో తోసుకుంటూ వచ్చింది. అందరం గడ్డి మీద కూర్చుని బూట్లు విప్పి వరసగా పెట్టాం. ఎడమవి ఒక వరస, కుడివి ఒక వరస. కుడివి పద్నాలుగింట్లో పదకొండు నోళ్ళు తెరిచాయి, అన్నీ ఒకే చోట. ఎడమవి ఒక్కటీ తెరవలేదు. మేనేజరు వంగి చూశాడు. ఎడమ బూటు ఒకటి తీసి లాగి చూశాడు. ఇంకోటి లాగాడు. బూటు వంక ఆయన అలా చూడడం అదే మొదటిసారి.

"ఎడమవి మా బాబాయివి. కుడివి నావి" అన్నాను. "నోటీసులో మనిషి తప్పు. కాలిన వేలికి మందు రాసుకున్నాను, ఆ జిడ్డు గమ్ముకి తగిలింది. వేలు మీ ప్రెస్సు మీద కాలింది. తొడుగుల కోసం రాసిన మూడు చీటీలు మీ సొరుగులో ఉన్నాయి. కాలిన వార్డుకి నడిచి వచ్చాను సార్, ఇప్పుడు చెప్పండి."

"నిన్ను రేపే పంపించగలను, తెలుసా?"

"పంపండి. కారణం సరిగ్గా రాసి పంపండి."

వెనకాల అక్క, "మా పద్నాలుగు మందికీ ఒకే కాయితం మీద రాయండి సార్, మీకు శ్రమ తగ్గుతుంది" అంది. ఫొటోగ్రాఫరు మనుషుల్ని వదిలేసి బూట్లకి ఫొటోలు తీసుకుంటున్నాడు.

పందెం నేను ఓడిపోయాను బాబాయ్. సోలు ఊడింది. ఇచ్చిన మాట మాటే కాబట్టి సోమవారం పొద్దున్నే వెళ్ళి నోటీసు కింద సంతకం పెట్టాను. నీ "ఒప్పుకుంటున్నాను" పక్కనే రాశాను: "ఈయన ఒప్పుకున్నది తప్పు. ఊడినవి కుడివి, అవి నేను చేసినవి. నా వేలు కాలింది తొడుగులు లేక. ఇది నేను ఒప్పుకుంటున్నాను, తొడుగుల సంగతి ఒప్పుకోవాల్సినవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు." దాని కింద బొటనవేలికి గమ్ము రాసి ముద్ర వేశాను. టీ టైముకి దాని కింద పదమూడు సంతకాలు చేరాయి. భోజనాల వేళకి కాయితంలో చోటు లేక గోడ మీద పెట్టారు.

మంగళవారం పొద్దున చూస్తే బోర్డు మీద మూడు పిన్నులు మాత్రమే ఉన్నాయి. ఎవరూ లేనప్పుడు చింపేశాడు. ఓడిపోయింది నేను, చింపింది ఆయన. బుధవారం తొడుగులొచ్చాయి, రెండు పెట్టెలు. నన్ను పంపించలేదు. నెలరోజులు ప్రెస్సు ముట్టుకోకూడదని శిక్ష వేసి, బూట్లలో పాత పేపర్లు కుక్కే చోట కూర్చోబెట్టాడు. అది శిక్షని ఆయన అనుకుంటున్నాడు. పొద్దుట్నించీ సాయంత్రందాకా చదువుకుంటున్నాను.

నీ ప్రెస్సు దగ్గర ఇంకా ఎవర్నీ పెట్టలేదు. దాని పక్కనుంచి పోయినప్పుడల్లా మేనేజరు ఆగుతాడు, ఏదో అనబోతాడు, వెళ్ళిపోతాడు. నిన్ను రమ్మని అడగడానికి ఆయనకి నోరు పెగలడం లేదు. వస్తానని చెప్పడానికి నీకు రాదు. నేనెంతమందికని నాలుక అప్పివ్వను?

ఇక నీ మందు డబ్బీ సంగతి. అది తప్పని ఇంకోసారి రాశావంటే ఆ ఉత్తరం నీకే తిప్పి పంపిస్తాను. కాలిన వేలికి మందు రాసినవాణ్ణి తప్పుపట్టే కాయితం మీద సంతకం పెట్టడానికి నీకు హక్కు లేదు, ఆ వేలు నాది.

ఈ ఉత్తరంతో పార్సిల్ కూడా వస్తుంది. అందులో నేను నడిచిన ఎడమ బూటు ఉంది. ఇరవై ఒక్క కిలోమీటర్ల తొంభై ఏడు మీటర్లు నడిచింది. మడమ దగ్గర కాస్త నా రక్తం ఉంటుంది, భయపడకు. ముక్కు పట్టుకుని లాగి చూడు. నీ బలమంతా పెట్టి లాగు. తర్వాత కిటికీలో పెట్టుకో.

కుడిది నా దగ్గరే ఉంది. కడిగిన వేలితో మళ్ళీ అతికిస్తున్నాను. జత కావాలంటే ఆ కుర్చీలోంచి లేచి, నీ కాళ్ళతో నువ్వే వచ్చి తీసుకో.

నీ కుడికాలి
కందిరీగ